శనివారం పోయని నూనె

మా బావ సూర్యప్రకాశరావు పట్టాళానికి గుమాస్తాగా పోయి మెకానిక్కుగా తిరిగొచ్చాడు. వాళ్ల నాయన ప్రొద్దుటూరులో పౌరోహిత్యం చేసేవాడు. కొడుకు ఎస్సెల్సీ మూడోసారి తప్పాక, ఇక వీడికి సంధ్యావందనం తప్ప ఏదీ పట్టుబడదని ఆయన ఊరందరికీ చెప్పేశాడు. ఆ మాట పడలేక మా బావ యుద్ధం రోజుల్లో పూనా పక్కన ఒక పట్టాళం వర్క్‌షాపులో చేరాడు. అక్కడ ఆయన పని బండ్ల విడిభాగాల పేర్లు రిజిస్టరులో రాయడం. రెండేళ్లు పేర్లు రాసి రాసి, ఈ వస్తువులు ఎట్లా ఉంటాయో చూద్దామని ఒకరోజు షెడ్డులోకి పోయాడట. మళ్లీ రిజిస్టరు దగ్గరికి రాలేదు. పట్టాళం వాళ్లు ఆయన్ని ఎందుకు శిక్షించలేదని చాలామంది అడిగేవారు. ఆయన దస్తూరీ చూసినవాణ్ణి కాబట్టి నాకు ఆ అనుమానం రాలేదు.

ఆయన భార్య అన్నపూర్ణమ్మ మా అక్క. నా పేరు రామం, హైస్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి. కాబట్టి నేను చెప్పేదాంట్లో బామ్మర్ది ఎకసెక్కెం కొంత, లెక్కల అయ్యవారి చిరాకు కొంత ఉంటాయి. ఎవరికి ఎంత కావాలో అంత తీసేసి చదువుకోవచ్చు.

యుద్ధం అయ్యాక మా బావ జమ్మలమడుగు రోడ్డులో, నూనె మిల్లు పక్కన తడికల షెడ్డు వేశాడు. పురోహితుడి కొడుకు జీపు కింద పడుకోవడం చూడటానికి మొదటి నెల జనం పనిగట్టుకుని వచ్చేవారు. జీపు కింద దూరే ముందు ఆయన జందెం చెవికి చుట్టుకునేవాడు. ఎందుకని అడిగితే, అశుచి పని చేసేటప్పుడు చుట్టుకోమని శాస్త్రమే చెప్పింది, శాస్త్రంలో జీపు కూడదని ఎక్కడా లేదు అనేవాడు. సాయంత్రం పెరటి గుమ్మంలోంచి మాత్రమే ఇంట్లోకి రానిచ్చేది మా అక్క. రెండు బిందెల నీళ్లూ, దోసెడు సీకాయపొడీ అయ్యాకే వంటింటి గడప.

ఆ కాలంలో మా వైపు జీపులన్నీ యుద్ధం మిగిల్చినవే. సర్కారు వేలం వేసినవి కొన్ని, సర్కారే ఉంచుకున్నవి కొన్ని. నాలుగు చక్రాలూ లాగే బండి కాబట్టి వంకలోనైనా పోతుంది, గుట్టైనా ఎక్కుతుంది. లోపల కూర్చున్న మనిషి సంగతే ఎవరూ ఆలోచించలేదు. ఆ సంగతి చూసేవి షాకబ్జర్లు. ఇవి బండి బరువు మోసే కమాను పట్టీల పక్కన నిలబడే ఇనుప గొట్టాలు. గొట్టంలో నూనె, నూనెలో ఆడే కడ్డీ, నూనె బయటికి రాకుండా మూతి దగ్గర ఒక రబ్బరు వాషరు. చక్రం గుంతలో పడితే పట్టీ ఊగుతుంది, ఆ ఊపును నూనె పట్టుకుని ఆపుతుంది. వాషరు పోతే నూనె కారిపోతుంది. నూనె పోతే ఒక్క గుంతలో పడిన జీపు పది గుంతల్లో పడినట్టు ఎగురుతూనే ఉంటుంది. ముద్దనూరు రోడ్డులో అట్లాంటి జీపులో పోయిన ఒక తహసీల్దారు మూడు రోజులు నిలబడే సంతకాలు పెట్టాడు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో జమ్మలమడుగులోని ఒక సర్కారు ఆఫీసు తన జీపును మా బావకు అప్పగించింది. ఆఫీసు పేరు అవసరం లేదు, ఇప్పుడది లేదు కూడా. వాషర్ల కోసం మద్రాసుకు రాస్తే ఆరు నెలలకు జవాబు వచ్చింది, వాషర్లు రాలేదు. మా బావ లారీ ట్యూబు కత్తిరించి వాషర్లు చేశాడు. బాగానే అమరాయి. కానీ షాకబ్జర్లో పోసే నూనె తగిలితే నెల తిరక్కుండా ఆ రబ్బరు ఉబ్బి, మెత్తబడి, చినిగిపోయేది. మూడుసార్లు మార్చాడు, మూడుసార్లూ అంతే. ఆ నెలల్లో ఆయన అన్నం ముందు కూర్చుని గోడతో మాట్లాడేవాడు.

దారి చూపింది మా అక్క. వంటింట్లో కిరసనాయిలు సీసాకూ, ఆముదం సీసాకూ ఆమె అదే ట్యూబు ముక్కలు మూతలుగా కట్టేది. ఒకరోజు రెండు సీసాలూ తెచ్చి ఆయన ముందు పెట్టింది. కిరసనాయిలు సీసా మూత రెండు నెలలకోసారి ఉబ్బి ఊడిపోతుందనీ, ఆముదం సీసాకు కట్టింది మూడేళ్లయినా కట్టినట్టే ఉందనీ చెప్పింది. చెప్పి పొయ్యి దగ్గరికి పోయింది. మా బావ ఆ రెండు మూతలనూ చాలాసేపు నలిపి చూశాడు. అంతసేపు ఆయన శ్రద్ధగా చదివుంటే ఎస్సెల్సీ ఒక్కసారికే అయ్యేది.

ఆ వారమే జీపు నాలుగు షాకబ్జర్లలోకీ ఆముదం ఎక్కింది. మా అక్క గింజలు వేయించి, దంచి, నీళ్లలో కాచి, పైకి తేలిన నూనెను తీసి పాత వాయిలు గుడ్డలో వడగట్టి ఇచ్చేది. ఊళ్లో బాలింతలకు పోయేదీ అదే కుండలోంచి, జీపుకు పోయేదీ అదే కుండలోంచి. జీపు నాలుగేళ్లు తొణకకుండా తిరిగింది. పులివెందుల, వేముల, వీరపునాయునిపల్లె, ఎక్కడికి పోయినా ఆఫీసర్లు కూర్చునే సంతకాలు పెట్టారు. రాజధాని హైదరాబాదుకు పోయింది, ఆఫీసర్లు మారారు, షాకబ్జర్లు మాత్రం మారలేదు.

మా బావకు పేరొచ్చింది. ఏం నూనె పోస్తారు సామీ అని ఎవరైనా అడిగితే, మిలిట్రీ నూనె, పేరు చెప్పకూడదు అనేవాడు. ఇంట్లో కూడా నిజం చెప్పుకునేవాళ్లం కాదు. మా అక్క వాకిట్లో ఆముదం కాస్తుంటే, దారిన పోయేవాళ్లకు తలకని చెప్పేది. అంత ఆముదం పట్టే తల ఆ ఇంట్లో లేదు. మెకానిక్కు అనిపించుకోవడానికి ఆయన చాలా పోగొట్టుకున్నాడు. వాళ్ల నాయన చివరిదాకా ఆయన చేతి నీళ్లు తాగలేదు. అట్లాంటి మనిషి తన విద్య పెళ్లాం వంటింట్లోంచి వచ్చిందని చెప్పుకోలేకపోయాడు. నాకు అప్పుడు అది నవ్వులాటగానే ఉండేది.

ఆ జీపు డ్రైవరు ఖలందర్. షెడ్డు వెనక వీధిలోనే ఇల్లు. తల్లి, భార్య దిల్షాద్‌బీ, ముగ్గురు పిల్లలు, అందరికీ అతని ఉద్యోగమే ఆధారం. బండిలో ఏ శబ్దం వినబడినా నేరుగా మా బావ దగ్గరికి వచ్చేవాడు. మా బావ ఒకసారి చెయ్యి పెట్టి, ఏమీ లేదులే పో అంటే, శబ్దం అట్లాగే ఉన్నా సరే, ఏమీ లేదనుకుని పోయేవాడు.

ఇప్పుడు శనివారం గురించి చెప్పాలి. ఇనుమూ నూనే రెండూ శనీశ్వరుడి వస్తువులు. శనివారం వాటిని ఇంటికి తేకూడదు, ఇంట్లోంచి ఇవ్వకూడదు, చేతి నుంచి చేతికి అందించకూడదు. వారంలో ఆరు రోజులు ఆ రెండింటితోనే బతికే మా బావ, ఏడో రోజు వాటిని ముట్టుకుంటే శని పడుతుందని నమ్మేవాడు. ఊరంతా ఆదివారం సెలవు తీసుకుంటే ఆయన షెడ్డు శనివారం మూసేవాడు. డ్రైవర్లందరికీ తెలుసు. జీపులు కూడా శనివారం చెడిపోవడం మానుకున్నాయని నేను అనేవాణ్ణి.

అయిదో ఏడు ఒక శనివారం పొద్దున ఖలందర్ జీపు తెచ్చి ఇంటి ముందర ఆపాడు. ముందరి షాకబ్జర్లు రెండూ కొంచెం కారుతున్నాయి. వాషర్లు పాతబడ్డాయంతే. మధ్యాహ్నం ఆఫీసరును తీసుకుని పులివెందుల వైపు పది రోజుల క్యాంపుకు పోవాలి. అరుగు మీద మా బావతో పాటు నేనూ, బజారులో బండ్ల సామాన్ల అంగడి పెట్టిన బదరీనారాయణ శెట్టీ కూర్చుని ఉన్నాం.

"సామీ, ముందర రెండూ కారతాండాయి. రొంత నూనె పొయ్యి" అన్నాడు ఖలందర్.

మా బావ శనివారమని గుర్తుచేశాడు. ఖలందర్ తల గోక్కున్నాడు. శెట్టి తన అంగడికి షాకబ్జర్ నూనె, అసలుదే, సీలు వేసిన డబ్బాల్లో మద్రాసు నుంచి కొత్తగా వచ్చిందని చెప్పాడు. ఖలందర్ మా బావ వైపు చూశాడు.

"అది పోసుకుంటే ఏమన్నా అవుతాదా సామీ?"

వద్దంటే ఎందుకని అడుగుతాడు. శెట్టి పక్కనే ఉన్నాడు. అసలు నూనె పోస్తే చెడిపోయే షాకబ్జర్లో ఇన్నాళ్లూ ఏం పోశావని ఆయనా అడుగుతాడు. ఈ లెక్కంతా మా బావ మొహంలో నాకు కనబడింది. నాకు నిజం తెలుసు. నేను కూడా నోరు విప్పలేదు.

"ఏమీ కాదులే, పోసుకో" అన్నాడు మా బావ.

ఖలందర్ పోయాడు. శెట్టి కూడా అతని వెనకే అంగడికి పోయాడు. అప్పుడు మా అక్క లోపలి నుంచి వచ్చి, ఆ నూనెకు రబ్బరు ఉబ్బుతుంది కదా, అట్లా ఎందుకు చెప్పారని అడిగింది. వచ్చాక మారుస్తాలే, పది రోజులకు ఏమీ కాదు అన్నాడాయన. పులివెందులకు ఒక కార్డు రాసుండొచ్చు. రెండుసార్లు కార్డు తీశాడు, రెండుసార్లూ లోపల పెట్టేశాడు. ఆ కార్డులో ఏం రాసినా ఆముదం అనే మాట రాయక తప్పదు.

క్యాంపు అయ్యాక జీపు ప్రొద్దుటూరుకు రాలేదు. ఆఫీసరు నేరుగా గండికోటకు పోదామన్నాడు. తిరిగి జమ్మలమడుగుకు దిగుతుంటే నాపరాళ్లు తేలిన చోట ఉబ్బిన వాషర్లు చినిగి ముందరి షాకబ్జర్లు రెండూ ఒట్టిబోయాయి. జీపు ముందుభాగం ఎగరడం మొదలుపెట్టింది. చక్రాలు నేల మీద ఉన్నంతసేపే కదా స్టీరింగు మాట వినేది. మలుపులో బండి రోడ్డు దిగి వంకలో పడింది. ఆఫీసరుకు మెడ కింద ఎముక విరిగింది, పక్కనున్న బంట్రోతుకు రెండు పళ్లు పోయాయి. ఖలందర్‌కు ఏమీ కాలేదు, అదే అతని మీద మొదటి నేరమైంది. విపరీతమైన వేగంతో తోలాడని రాసి సస్పెండు చేశారు. విచారణలో తేలితే ఉద్యోగం పూర్తిగా పోతుంది.

దిల్షాద్‌బీ మిషను మీద రవికలు కుట్టడం మొదలుపెట్టింది. పెద్ద పిల్ల బడి మానేసింది. ఆ పిల్ల నా క్లాసులోదే, భిన్నాలు బాగా చేసేది.

విచారణకు నాలుగు రోజుల ముందు ఖలందర్ అర్జీ రాయించుకోవడానికి నా దగ్గరికి వచ్చాడు. నేను అప్పుడు మా అక్క ఇంట్లోనే ఉన్నాను. అరుగు మీద కూర్చుని రాస్తున్నాను, గోడ అవతల మా బావ వింటున్నాడు. బండిలో లోపం వల్లనే ప్రమాదం జరిగిందని రాద్దామన్నాను. ఖలందర్ ఒప్పుకోలేదు.

"బండిలో తప్పు ల్యా అయ్యవారూ. సామి చేతి బండి అది. నా చెయ్యే యాడో తప్పిండాల. అట్లనే రాయండి."

అట్లా రాస్తే ఉద్యోగం ఎట్లా ఇస్తారప్పా అన్నాను. పిల్లోళ్లు ఉండారు, దయ చూపమని కింద రాయండి అన్నాడు. నూనె గురించి మా బావను అడిగిన సంగతి అతనికి గుర్తే లేదు. గుర్తున్నా చెప్పేవాడు కాదేమో. నేను అతను చెప్పినట్టే రాశాను. నా జీవితంలో అంత తప్పు లెక్క అంత మంచి దస్తూరీతో ఎప్పుడూ రాయలేదు.

అతను పోయాక మా బావ బయటికొచ్చి, విచారణకు తానూ వస్తానన్నాడు. నేను వద్దన్నాను. డ్రైవరుకు ఏదో ఒక లారీ దొరుకుతుంది, నీ పేరు పోతే నీకు ఇంకో పేరు దొరకదు అన్నాను. ఇరవయ్యేళ్లయింది, ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. మా బావ నన్ను తిట్టలేదు. మా అక్క మాత్రం ఆ పూట నాకు రెండోసారి అన్నం వడ్డించలేదు.

విచారణ జమ్మలమడుగు ట్రావెలర్స్ బంగళాలో జరిగింది. విచారణకు వచ్చిన ఆఫీసరు వేరే ఆయన, కృష్ణా జిల్లా మనిషి, మర్యాదస్తుడు. ఖలందర్ గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మా బావ గుడ్డసంచిలోంచి ఒక షాకబ్జర్ తీసి బల్ల మీద పెట్టాడు. వెనక చక్రానిది, వంకలో పడ్డా చెక్కుచెదరనిది. అది తన చేతి పని అనీ, ముందరివి పాడవడానికి కారణం తానేననీ, వాటి వాషర్లు ఆముదానికి మాత్రమే ఆగుతాయనీ, ఆ సంగతి డ్రైవరుకు చెప్పలేదనీ చెప్పాడు.

ఆఫీసరు నమ్మలేదు. "చూడండి పంతులు గారూ, మీరు పెద్ద కుటుంబీకులు. పేదవాణ్ణి కాపాడాలని అబద్ధం ఆడుతున్నారు. జీపులో ఆముదమేమిటండీ?" అన్నాడు.

మా బావ మర తిప్పి, లోపలున్నది ఒక పింగాణీ సాసరులో పోసి ఆయన ముందుకు జరిపాడు. ఆఫీసరు వంగి వాసన చూశాడు. చిన్నప్పుడు కార్తెకోసారి ముక్కు మూసి తాగించని తల్లి తెలుగుదేశంలో లేదు కదా. ఆయన మొహం ఒక్క క్షణంలో ఆరేళ్ల పిల్లవాడి మొహమైపోయింది. సాసరు తీసేయమని బంట్రోతుకు సైగ చేశాడు. సాక్ష్యం నిర్ధారణ అయింది.

మరి ఆ రోజు మీ నూనే ఎందుకు పోయలేదని అడిగాడు. శనివారం కాబట్టి అన్నాడు మా బావ. ఆఫీసరు కలం ఆపి ఆలోచించి, శనివారమగుటచేత అని రాసుకున్నాడు. వేరే నూనె పోయవద్దని అయినా ఎందుకు చెప్పలేదని అడిగాడు. మా బావ షాకబ్జర్ మర తిరిగి బిగించాడు.

"ఆముదమని తెలిస్తే నన్ను మెకానిక్కు అనరని సార్. అందుకే. ఇంకేమీ లేదు."

గుమ్మం దగ్గర ఖలందర్ తల ఎత్తి చూశాడు. అప్పటిదాకా అతను నేలనే చూస్తున్నాడు.

రెండు నెలలకు ఉత్తర్వులు వచ్చాయి. ఖలందర్‌కు ఉద్యోగం తిరిగి ఇచ్చి పులివెందులకు వేశారు. మా బావకు ఇక ఏ సర్కారు బండీ ఇవ్వరాదని రాశారు. ఊళ్లో ఆయన పేరు ఆముదం సామి అయింది. ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షమని బజారులో ఆయనకు వినబడేటట్టు అనేవారు. నవ్వినవాళ్లే మరుసటి వారం తమ లారీలకు ఆముదం పోసి చూసుకున్నారు, అది వేరే సంగతి. సొంత జీపులున్న ఇద్దరు ముగ్గురు రైతులు మాత్రం ఆయన దగ్గరికే వచ్చేవారు. వాళ్లకు ఆయన ఏం పోశాడో, ఎందుకు పోశాడో, ఏది పోయకూడదో అడక్కపోయినా గంటసేపు చెప్పేవాడు. విసుగుపుట్టి వాళ్లూ తగ్గారు.

పులివెందులకు పోయే రోజు మధ్యాహ్నం ఖలందర్ షెడ్డు ముందర వేరే సర్కారు జీపు ఆపాడు. దిగలేదు, ఇంజను ఆపలేదు. నేను అక్కడే ఉన్నాను. మా బావ చేతులు తుడుచుకుంటూ బండి దగ్గరికి పోయి, తప్పయిపోయింది ఖలందరూ అన్నాడు. ఆయన ఒకరికి ఆ మాట చెప్పడం నేను వినడం అదే మొదలు, అదే ఆఖరు.

"ఉద్యోగం వచ్చింది లే సామీ, దాని గురించి కాదు" అన్నాడు ఖలందర్. స్టీరింగు మీద నుంచి చెయ్యి తీయలేదు. "నాలుగేండ్లు నీ చేతిని నమ్మి కండ్లు మూసుకోని తోలినా. నేను అడిగినప్పుడు ఆముదమని నా చెవిలో చెప్పింటే ఏమయ్యేది? నవ్వుతాననుకుంటివా?"

మా బావ తుడిచిన చేతులనే మళ్లీ తుడుచుకున్నాడు.

"నవ్వింటా. నవ్వి, మా ఇంట్లో ఉండే ఆముదమే పోసుకోని పొయ్యింటా."

గేరు వేసి పోయాడు. మా బావ ఆ రోడ్డు మీదే, ఎండలో, నేను పోయి చెయ్యి పట్టుకునేదాకా నిలబడ్డాడు.